ఇంటికొచ్చి షుగర్ పాఠం చెప్పిన నర్సులు

మీ ఇంటికి ఆశ కార్యకర్త వచ్చినప్పుడు ఏం చేశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చేతిలో ఒక టేపు, ఒక ఫారం ఉండి ఉంటాయి. ఇంట్లో ముప్పై దాటినవాళ్లు ఎంతమంది, అమ్మకో నాన్నకో షుగర్ ఉందా, రోజూ నడుస్తారా అని అడిగి ఉంటుంది. మేం ప్రైవేటులో చూపించుకుంటున్నాంలే అమ్మా అని గుమ్మంలోంచే పంపేసి ఉంటారు. మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. మా అపార్ట్‌మెంటులో కూడా చాలామంది చేసేది అదే. కానీ ఆ టేపు వెనకాల వందేళ్ల నాటి ఒక కథ ఉంది. దాని కేంద్రంలో అమెరికాలోని బోస్టన్ నగరపు డాక్టరు ఒకాయన ఉన్నారు. పేరు ఎలియట్ ప్రాక్టర్ జోస్లిన్. షుగర్ వైద్యం చేసే మా డాక్టర్లందరికీ తెలిసిన పేరే. మీకూ తెలియాలి.

1869లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ కాదు, దాని పేరు పెట్టుకున్న ఊరు. తండ్రికి చెప్పుల తయారీ వ్యాపారం ఉండేది, డబ్బున్న కుటుంబం. యేల్‌లో చదివి, 1895లో హార్వర్డ్ నుంచి డాక్టరయ్యారు. విద్యార్థిగా ఉండగానే, 1893లో, మధుమేహం ఉన్న ఒక యువతి వివరాలు ఒక రెజిస్టరులో రాసుకున్నారు. ఆ రెజిస్టరులో మొదటి పేరు ఆమెదే. ఆ తర్వాత చూసిన ప్రతి షుగర్ రోగి పేరూ అందులోకి ఎక్కింది. వయసెంత, బరువెంత, ఏం తింటున్నారు, మూత్రంలో చక్కెర ఎంత పోతోంది, చివరికి ఏమయ్యారు అన్నీ రాసేవారు.

ఆ రెజిస్టరులో ఎనిమిదో నంబరు ఆయన కన్నతల్లిది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అప్పటికి ఇన్సులిన్ లేదు. మాత్రలు లేవు. షుగర్ వచ్చిందంటే పిల్లలైతే నెలల్లో, మహా అయితే ఒకటి రెండేళ్లలో పోయేవాళ్లు. పెద్దవాళ్లు ఇంకొంచెం ఎక్కువ కాలం లాగేవాళ్లు. పిన్నమ్మలనో మేనత్తలనో ఈ జబ్బుకు పోగొట్టుకోని ఇల్లు మన దగ్గర ఇప్పుడు తక్కువ. జోస్లిన్ కుటుంబంలోనూ అంతే, తల్లి కంటే ముందే ఒక దగ్గరి బంధువు పోయింది. తల్లి మాత్రం తిండిని కట్టుదిట్టం చేసుకుని పదేళ్లకు పైగా బతికింది. తెలిసి జాగ్రత్తపడితే ఈ జబ్బుతోనూ చాలాకాలం బతకవచ్చన్న నమ్మకం ఆయనకు పుస్తకాల్లోంచి రాలేదు, సొంత ఇంటి వంటగదిలోంచే వచ్చింది.

1916లో వెయ్యి మంది సొంత రోగుల అనుభవంతో మధుమేహ చికిత్స మీద పెద్ద వైద్యగ్రంథం రాశారు. నాకు దానికంటే 1918లో వచ్చిన చిన్న పుస్తకమే గొప్పగా కనిపిస్తుంది. అది డాక్టరూ రోగీ ఇద్దరూ కలిసి వాడుకోవడానికి రాసింది. రోగికి జబ్బు పేరు చెప్పడానికే డాక్టర్లు వెనకాడే కాలంలో, ఏ కూరలో ఎంత పిండిపదార్థం ఉంటుందో, మూత్రం పరీక్ష ఎలా చేసుకోవాలో రోగి చేతికే ఇచ్చేశారు. నేటికీ ఓపీలో మూడు నిమిషాల్లో చీటీ రాసి పంపే మాలాంటివాళ్లకు ఆ పుస్తకం ఒక చురక.

ఆ రోజుల్లో చేతిలో ఉన్న ఏకైక మందు ఆకలి. ఫ్రెడరిక్ అలెన్ అనే మరో అమెరికన్ డాక్టరు పద్ధతిని అనుసరించి రోగిని దాదాపు పస్తు ఉంచేవారు. ఎముకల గూళ్లలా తయారైన పిల్లలు ఇంకొన్ని నెలలు ఎక్కువ బతికేవారు, అంతే. జోస్లిన్ దీన్ని పాటించారు, పాటింపజేశారు. క్రూరం అనిపిస్తుంది. కానీ వేరే దారి లేని చోట క్రూరమని ఎలా అనగలం? 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుక్కున్నాక, ఆ పస్తులతో ఎలాగో ప్రాణం నిలబెట్టుకున్న కొందరికి అది అందింది. జోస్లిన్ 1922 ఆగస్టులో తొలిసారి ఇన్సులిన్ ఇచ్చింది ఒక నర్సుకే. ఎముకలు తేలి మంచం పట్టిన ఆమె మళ్లీ లేచి నడిచింది, ఆ తర్వాత దశాబ్దాల పాటు బతికింది. (మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అదే హార్వర్డ్‌లో చేరడానికి బోస్టన్‌లో అడుగుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే.)

తిరుగుడు నర్సులు

ఇన్సులిన్ వచ్చేసింది కదా, ఇక సమస్య తీరిపోయిందని లోకం అనుకుంది. జోస్లిన్ అలా అనుకోలేదు. ఇన్సులిన్ రోజూ పొడవాలి. ఎక్కువైతే షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు, ప్రాణమే పోవచ్చు. తక్కువైతే పాత కథే. ఇది ఆస్పత్రిలో డాక్టరు చేసే పని కాదు, ఇంట్లో రోగో తల్లో చేసుకోవాల్సిన పని. ఎక్కడో పల్లెలో ఉన్న తల్లికి ఇదంతా ఎవరు నేర్పాలి?

అందుకే ఆయన నర్సులకు షుగర్ గురించి విడిగా శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. తిరుగుడు నర్సులని వాళ్లకు పేరు. రోగి ఇంటికి వెళ్లి, అవసరమైతే కొన్నాళ్లు అక్కడే ఉండి నేర్పేవారు. ఏం నేర్పేవారో వింటే మీకు ఆ రోజుల కష్టం అర్థమవుతుంది. గ్లూకోమీటరు లేదు. టెస్ట్‌ట్యూబులో బెనెడిక్ట్ ద్రావణం పోసి, కొన్ని చుక్కల మూత్రం వేసి, మరిగించాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుకరంగు వస్తే బాగా ఎక్కువ పోతున్నట్టు. గాజు సిరంజి, సూది నీళ్లలో మరిగించాలి. సూది మొద్దుబారితే సానపట్టాలి. తిండిని త్రాసులో తూచి పెట్టాలి. పాదాలు రోజూ చూసుకోవాలి, వేళ్ల మధ్య తడి తుడవాలి, ఆనెలు బ్లేడుతో కోసుకోకూడదు. షుగర్ పడిపోతుంటే వణుకు, చెమటలు ఎలా మొదలవుతాయో, అప్పుడు వెంటనే తీపి ఎందుకు పెట్టాలో ఇంటిల్లిపాదికీ చెప్పాలి.

ఆ నర్సు చూసేది రోగిని ఒక్కడినే కాదు. వంట ఎవరు చేస్తున్నారో, అల్మరాలో ఏం దాచారో, పిల్లవాడికి దొంగచాటుగా మిఠాయి పెడుతున్న నానమ్మ ఎవరో ఆమెకు కనిపిస్తుంది. ఓపీ గదిలో కూర్చున్న నాకు ఇవేవీ కనపడవు. తెలుసుకున్న రోగే ఎక్కువకాలం బతుకుతాడన్నది జోస్లిన్ జీవితమంతా చెప్పిన మాట. నేర్పడాన్ని ఆయన చికిత్సకు తోడుగా చూడలేదు, చికిత్సలో భాగంగానే చూశారు. ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న డయాబెటిస్ ఎడ్యుకేటర్ల వృత్తికి ఆ నర్సులు పూర్వీకులు.

ఈ సందర్భంలో నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఆశ కార్యకర్తలకు షుగర్ మీద శిక్షణ ఇచ్చే పని నాకు అప్పజెప్పారు. క్లోమం బొమ్మ వేశాను, బీటా కణాలు చూపించాను, స్లైడ్లు తిప్పాను. భోజనం తర్వాత సగం మంది కునికారు. చివర్లో ఒకామె లేచి, సార్, అవన్నీ సరేగానీ మూడు పూటలా అన్నమే తినే ఇంటికెళ్లి అన్నం తగ్గించమని నేనెలా చెప్పాలి, ముందు నీ నడుము చూసుకో అంటారు అంది. అందరూ నవ్వారు. నా దగ్గర జవాబు లేదు. తర్వాతి విడతలో స్లైడ్లు పక్కన పెట్టి టేపులు పంచాను. ఒకరి నడుము ఒకరు కొలుచుకున్నారు, ఒకరి వేలు ఒకరు గుచ్చి చూసుకున్నారు. తనకే షుగర్ ఉందని అక్కడే తెలిసినవాళ్లు కూడా ఉన్నారు. ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు. నర్సును ముందు సరిగ్గా తయారుచేయాలన్న జోస్లిన్ పట్టుదల నాకు అప్పుడు తలకెక్కింది.

మూడిళ్ల వీధి

1921లో, ఇన్సులిన్ ఇంకా ఎవరికీ అందకముందే, ఆయన మధుమేహ నివారణ మీద ఒక వ్యాసం రాశారు. చికిత్సే సరిగా లేని జబ్బుకు నివారణ గురించి ఆలోచించడం చూడండి. అందులో ఒక ప్రశాంతమైన పల్లె వీధిలో పక్కపక్కనే ఉన్న మూడిళ్ల కథ చెప్పారు. ఒకరి తర్వాత ఒకరుగా ఆ ఇళ్లలో కాపురమున్న ఏడుగురు ఇంటి పెద్దల్లో ఆరుగురు షుగర్‌తోనే పోయారు. అయినా ఊళ్లో ఎవరూ ఇది అంటువ్యాధిలా ఉందే అనుకోలేదు. అదే ఆ ఆరుగురూ టైఫాయిడ్‌తోనో క్షయతోనో పోయి ఉంటే ఆరోగ్యశాఖ పరుగెత్తుకొచ్చేది కదా అన్నది ఆయన ప్రశ్న.

ఇది వందేళ్ల కిందటి మాట. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో షుగర్ ఉన్నవారిని పది కోట్లకు పైగా, షుగర్ గీత దగ్గర నిలబడ్డవారిని 13.6 కోట్లుగా అంచనా వేసింది. మీ వీధిలో డెంగ్యూ కేసు ఒక్కటి వస్తే మునిసిపాలిటీ పొగయంత్రం వస్తుంది. పక్కపక్కన మూడు ఫ్లాట్లలో ఆరుగురికి షుగర్ ఉంటే ఏం వస్తుంది?

మొదట రావాల్సింది లెక్క. ఆ లెక్క తీసింది కూడా జోస్లిన్ సొంత ఊళ్లోనే. 1946, 47లలో అమెరికా ప్రజారోగ్య శాఖ ఆక్స్‌ఫర్డ్ జనాన్ని ఇంటింటికీ కలిసి పరీక్షలకు పిలిచింది. 3,516 మందిని పరీక్షిస్తే షుగర్ ఉన్నవారు 70 మంది తేలారు. వారిలో 40 మందికి ముందే తెలుసు. మిగతా 30 మందికి తమకు జబ్బుందని తెలియనే తెలియదు. దేశంలోనే పేరున్న షుగర్ డాక్టరు పుట్టిన ఊళ్లో, తెలిసిన ప్రతి నలుగురికీ తెలియనివారు ముగ్గురు! మా ఆస్పత్రిలో కంటిచూపు మసకబారాకో, కాలి పుండు మానకో వచ్చి, మొదటిసారి షుగరని తెలుసుకునేవారిని చూసినప్పుడల్లా నాకు ఆ ముప్పై గుర్తొస్తుంది.

జోస్లిన్‌ను దేవుణ్ని చేయడం నాకు ఇష్టం లేదు. ఆయనది కఠినమైన మనస్తత్వం. లావు కావడం, దాంతో షుగర్ రావడం దాదాపు మనిషి చేసుకున్న తప్పన్నట్టు మాట్లాడేవారు. ఇక్కడ ఆయనతో నేను ఏకీభవించను. తప్పంటే జనం దాచుకుంటారు, దాచుకుంటే పరీక్షకు రారు. పైగా మన శరీరాలు వేరు. ఆయన చూసిన తెల్లవాళ్లలో లావువాళ్లకు వచ్చిన జబ్బు మనకు సన్నటి చేతులు, చిన్న బొజ్జతోనే వచ్చేస్తుంది. అందుకే మనకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క, వాళ్లకు 25. ఆశ కార్యకర్త చేతిలో టేపు ఉండేది కూడా ఇందుకే. ఆమె ఫారంలో ఆడవారికి నడుము 80 సెంటీమీటర్లు, మగవారికి 90 దాటితే మార్కులు పడటం మొదలవుతుంది. వయసు, పొగాకు, మద్యం, వ్యాయామం లేకపోవడం, ఇంట్లో జబ్బు చరిత్ర, అన్నీ కలిపి నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. టేపు పెట్టాల్సింది ప్యాంటు బెల్టు దగ్గర కాదు, ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య. మగవాళ్లు ఇక్కడ బాగా మోసం చేసుకుంటారు.

పంపితే లాభముందా అంటారా? ఉంది. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ముప్పు అంచున ఉన్నవారు ఏడు శాతం బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకుంటే షుగర్ రావడం 58 శాతం తగ్గింది. 2006లో చెన్నై డాక్టర్ల అధ్యయనంలో మనవాళ్లలో ఇది సుమారు 28 శాతం. ఆ తర్వాత అమెరికాలో ఇదే పాఠాన్ని డాక్టర్లు కాకుండా, శిక్షణ పొందిన మామూలు మనుషులు వ్యాయామ కేంద్రాల్లో చెప్పినా బరువు తగ్గించగలిగారు. అన్నిచోట్లా ఫలితం ఒకేలా రాలేదు. కేరళలో ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి నడిపిన ప్రయోగంలో కొన్ని అలవాట్లు మారాయిగానీ, షుగర్ వచ్చేవారి సంఖ్య చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఈ పని ఒక్క శిక్షణతో అయిపోయేది కాదన్నమాట, ఆ ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లాలి.

జోస్లిన్ మళ్లీ మళ్లీ వెళ్లే మనిషే. పాతికేళ్లు షుగర్‌తో చిక్కులు లేకుండా బతికినవారికి పతకాలు ఇచ్చేవారు. ఇంట్లో టెస్ట్‌ట్యూబు మరిగించుకుంటూ ఒంటరిగా పోరాడేవారికి అది ఎంత ఊరటో ఊహించండి. షుగర్‌ను అదుపులో పెడితే కళ్లు, కిడ్నీలు నిలుస్తాయని ఆయన చెబితే, రుజువేదీ అని తోటి డాక్టర్లు దశాబ్దాల పాటు వాదించారు. చివరి రోజుల దాకా రోగులను చూస్తూనే, 1962 జనవరిలో, 92 ఏళ్ల వయసులో నిద్రలోనే కన్నుమూశారు. ఆయన అడిగించుకున్న రుజువు 1993లో వచ్చింది. చిన్న వయసులోనే ఇన్సులిన్ మీద ఉన్న 1,441 మందిని ఏళ్ల తరబడి గమనించి, ఆయన చెప్పిందే నిజమని తేల్చారు.