రెనె లెనెక్

రెనె లెనెక్ (ఫిబ్రవరి 17, 1781 - ఆగష్టు 13, 1826) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ వైద్యుడు. స్టెతస్కోపును కనుగొన్న వ్యక్తిగా ఈయన లోకానికి చిరపరిచితుడు. కాలేయం గట్టిపడి కుంచించుకుపోయే వ్యాధికి సిర్రోసిస్ అని నామకరణం చేసినది కూడా ఈయనే.

బాల్యము, విద్యాభ్యాసము

లెనెక్ బ్రిటనీ ప్రాంతములోని కెంపేర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. చిన్నతనంలోనే తల్లి మరణించగా, నాంత్ నగరంలో వైద్యుడైన తండ్రి సోదరుని వద్ద పెరిగి, అక్కడే వైద్యవిద్యకు శ్రీకారం చుట్టాడు. 1801లో పారిస్ చేరి, నెపోలియన్‌కు వైద్యుడైన కోర్విసార్ వద్ద శిష్యరికం చేశాడు. 1804లో పట్టా పొందాడు. మరణించిన రోగుల దేహాలను పరీక్షించి, బ్రతికి ఉండగా వారిలో కనిపించిన లక్షణాలతో పోల్చి చూడడం ఈయన పద్ధతి.

స్టెతస్కోపు

1816లో నెక్కర్ ఆసుపత్రిలో నియమితుడయ్యాడు. ఆ సంవత్సరమే హృద్రోగంతో వచ్చిన ఒక యువతి ఛాతీపై చెవి ఆనించడానికి సంకోచించి, కాగితాన్ని గొట్టముగా చుట్టి గుండె చప్పుడు విన్నాడు. శబ్దం మరింత స్పష్టంగా వినిపించింది. తరువాత కొయ్యతో గొట్టాన్ని తయారుచేశాడు. ఈ పరిశోధనలను 1819లో గ్రంథరూపంలో ప్రచురించాడు.

సిర్రోసిస్

ఈ గ్రంథం ప్రధానంగా ఛాతీ వ్యాధులకు సంబంధించినది. అందులో ఒక రోగి మరణానంతర పరీక్షను వర్ణిస్తూ, అతని కాలేయం బాగా కుంచించుకుపోయి, పసుపు, గోధుమ వర్ణాలు కలిసిన గింజల వంటి కణుపులతో నిండి ఉన్నదని లెనెక్ వ్రాశాడు. ఆ వర్ణాన్ని సూచించే గ్రీకు పదం నుండి సిర్రోసిస్ అనే పేరు కల్పించాడు. ఆ కణుపులు కొత్తగా పుట్టిన గడ్డలని ఈయన భావించాడు. నిజానికి అవి మచ్చకట్టిన కండరము కాని గట్టి పీచు కణజాలం నడుమ తిరిగి పెరిగిన కాలేయ కణాల సముదాయాలని తరువాతివారు నిరూపించారు.

మరణము

1822లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్య పదవి లభించింది. కాని క్షయవ్యాధి ఈయన ఆరోగ్యాన్ని క్షీణింపజేసింది. గ్రంథం రెండవ కూర్పు వెలువడిన 1826లోనే స్వస్థలమైన బ్రిటనీలో, 45 ఏళ్ల వయసులో మరణించాడు. ఈయన ఛాతీలోని క్షయ చిహ్నాలను మేనల్లుని వరుసైన వైద్యుడు మెరియాదెక్ స్టెతస్కోపుతోనే విన్నాడు.

నేటి అవగాహన

ఇటువంటి కాలేయానికీ మద్యపానానికీ గల సంబంధాన్ని మాథ్యూ బెయిలీ అనే వైద్యుడు 1793లోనే గుర్తించాడు. క్రమేణా మద్యం వలన వచ్చే సిర్రోసిస్‌కు లెనెక్ పేరు స్థిరపడింది. అందువలన ఇది కేవలం త్రాగుబోతుల వ్యాధి అనే అభిప్రాయం ప్రబలింది. అది సరికాదు. 1960వ దశకంలో హెపటైటిస్ బి వైరస్, 1989లో హెపటైటిస్ సి వైరస్ కనుగొనబడ్డాయి. మద్యం ముట్టనివారికి కూడా ఇవి సిర్రోసిస్ కలిగించగలవు. వైరస్ సోకినవారు మద్యం సేవిస్తే కాలేయం మరింత త్వరగా దెబ్బతింటుంది. బి రకానికి టీకా ఉన్నది. సి రకాన్ని మందులతో చాలామందిలో నయం చేయవచ్చు. మద్యం వలన వచ్చినదైతే త్రాగుడు పూర్తిగా మానడమే చికిత్సకు పునాది. లెనెక్ చూసిన ఆ కణుపుల కాలేయం వెనుక ఏ కారణం ఉన్నదో రక్తపరీక్షలతో తెలుసుకోవడం అందుకే అవసరం.