రెప్పపాటును జయించిన దీపం: ఆచార్య హెరాల్డ్ ఎడ్జర్టన్

కాలాన్ని కొలవడానికి మన పూర్వులు తమ కంటినే తొలి కొలబద్దగా చేసుకొన్నారు. నిమేషమనే మాటకు రెప్పపాటు అని అర్థం. ఉర్దూలో సైతం అతి స్వల్ప వ్యవధిని పలక్ ఝపక్‌తే అనే చెబుతారు. అంతకంటె ఎంతో సూక్ష్మమైన కాలంలో జరిగే వ్యవహారం యావత్తూ మానవ నేత్రానికి చిరకాలం అగోచరంగానే ఉండిపోయింది. ఆ చీకటిలోనికి దీపం పట్టుకొని వెళ్లినవారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశీయుడైన ఆచార్య హెరాల్డ్ యూజీన్ ఎడ్జర్టన్. ఆయన జీవితాన్ని మా విద్యార్థుల కొరకు సంగ్రహంగా వివరింపదలచినాము.

ఎడ్జర్టన్ 1903 ఏప్రిల్ 6వ తేదీన నెబ్రాస్కా రాష్ట్రంలోని ఫ్రీమాంట్‌లో జన్మించినారు. బాల్యం అరోరా అనే చిన్న పట్టణంలో గడిచింది. స్టూడియో ఫోటోగ్రాఫరైన తండ్రి సోదరుని వద్ద ఛాయాగ్రహణ విద్యను, సెలవులలో పనిచేసిన విద్యుత్ కంపెనీలో యంత్రాల మర్మాన్ని ఆయన నేర్చుకొన్నారు. ఈ రెండు విద్యలే తరువాత ఒక్కటైనవి. 1925లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం నుండి ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టం పొంది, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఒక సంవత్సరం పనిచేసి, అనంతరం మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరినారు. అచ్చటనే 1927లో మాస్టర్స్ పట్టాన్ని, 1931లో డాక్టరేటును సాధించినారు.

ఆయన పరిశోధనాంశం పెద్ద విద్యుత్ మోటార్లు. సరఫరాలో హెచ్చుతగ్గులు కలిగినప్పుడు మోటారు లోపలి భాగం ఏ విధంగా తడబడుతుందో తెలిసికొనవలెను. కాని వేగంగా తిరిగే వస్తువు కంటికి మసకగా తప్ప కనిపించదు. ప్రయోగశాలలో మిణుకుమిణుకుమంటున్న పాదరస దీపం వెలుగులో ఆ మోటారు నిలిచిపోయినట్లు తోచడం ఆయన గమనించినారు. ఇది మనకు అపరిచితమైన దృశ్యం కాదు. చోకు గల పాతకాలపు ట్యూబులైటు కింద పంకా రెక్కలు ఒక్కొక్కసారి నిలిచినట్లో, వెనుకకు తిరుగుతున్నట్లో కనిపించడం మనలో అనేకులు చూచినదే. మనం చూచి ఊరుకొన్నాము. ఆయన ఊరుకొనలేదు.

మోటారు ఒక్క చుట్టు తిరిగిన ప్రతిసారీ దీపం ఒక్కసారి మాత్రమే మెరిస్తే, కంటికి ఎల్లప్పుడూ ఒకే భంగిమ కనిపిస్తుంది. తిరిగేది తిరుగుతూనే నిలిచినట్లుంటుంది. ఈ సూత్రం, స్ట్రోబోస్కోపు అనే పేరు ఆయనకు పూర్వమే ఉన్నవి. కెపాసిటరులో నిల్వచేసిన విద్యుత్తును వాయువు నింపిన గాజుగొట్టంలోనికి ఒక్కసారిగా వదలి, మిక్కిలి తీక్షణమైన, మిక్కిలి స్వల్పమైన మెరుపును కోరినప్పుడు కోరినట్లు పుట్టించడం ఆయన సాధన. కర్మాగారాలలో యంత్రాలను ఆపకుండానే వాటి లోపాలను పరిశీలించే అవకాశం ఇంజనీర్లకు దీనివలన కలిగింది. నేటి కెమెరాలలోని ఎలక్ట్రానిక్ ఫ్లాష్ ఈ దీపం సంతతియే.

యంత్రాల నుండి ఆయన దృష్టి చుట్టూ ఉన్న సమస్త చలనాల మీదికి మరలింది. పలుచని పాలపొరపై ఒక పాలచుక్క పడినప్పుడు లేచే తుంపర ముత్యాల కిరీటంలా ఉంటుందని ఆయన చిత్రాలు చూపినవి. అట్టి చిత్రమొకటి 1937లో న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాలలో చోటు చేసుకొన్నది. అయినను తృప్తి చెందక ఆ చుక్కతోనే ఇరువది ఏండ్లకు పైగా శ్రమించి, 1957లో సుప్రసిద్ధమైన వర్ణచిత్రాన్ని తీసినారు. 1964లో ఆపిల్ పండును చీల్చుకొని పోయే తుపాకి గుండును చిత్రించినారు. చీకటి గదిలో గుండు ధ్వనిని మైక్రోఫోను అందుకొన్న వెంటనే దీపం సెకనులో సుమారు పది లక్షల వంతు కాలం మెరిసింది. గుండు వెలువడిన వైపుననే కాక ప్రవేశించిన వైపున కూడ పండు వెలుపలికి చిమ్మడం ఆ చిత్రంలో స్పష్టంగా కనిపిస్తుంది. రెప్పపాటు కంటె వేగమని అర్థమిచ్చే పేరుతో ఆయన పనిని చూపిన 1940 నాటి లఘుచిత్రానికి ఆస్కార్ బహుమతి లభించింది. అయినను తాను కళాకారుడను కానని, యథార్థాన్ని వెదకే ఇంజనీరునని ఆయన చెప్పుకొనేవారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయన దీపం విమానమెక్కింది. 1944లో నార్మండీ దాడికి ముందు, రాత్రివేళ భూమిని చిత్రించడానికి అది ఉపయోగపడింది. మహనీయుల చరిత్రలు వ్రాసేవారు ఇట్టి ఘట్టాలను, దీని తరువాతి ఘట్టాన్ని దాటవేయడం పరిపాటి. మేము అట్లు చేయదలచలేదు. 1947లో జెర్మ్‌షౌసెన్, గ్రియర్ అనే సహచరులతో కలిసి ఆయన స్థాపించిన సంస్థ అమెరికా అణ్వస్త్ర పరీక్షలకు పనిచేసింది. కదిలే భాగమేదీ లేని ప్రత్యేకమైన షట్టరుతో, పేలుడు జరిగిన తొలి క్షణాల అగ్నిగోళాన్ని చిత్రించింది. ఆ గోళం పెరిగే వేగాన్ని బట్టి బాంబు శక్తిని లెక్కించేవారు. చిత్రించడమే కాదు, పేలుడుకు సంకేతమిచ్చే విద్యుత్ పరికరాలను సైతం ఆ సంస్థయే సమకూర్చింది. పాలచుక్క కిరీటాన్ని, ఈ అగ్నిగోళాన్ని చూపినది ఒకే విద్య. ఒకటి చూచి ఆనందించిన మనం రెండవది చూచి ఆలోచించక తప్పదు.

అదే విద్య 1953 నుండి సముద్రగర్భానికి కూడ దిగింది. ఫ్రెంచి అన్వేషకుడు కూస్తో నౌక కలిప్సోపై ప్రయాణించి, అగాధ జలాల ఒత్తిడికి తట్టుకొనే కెమెరాలను, దీపాలను ఆయన నిర్మించినారు. నావికులు ఆయనను ప్రేమతో పాపా ఫ్లాష్ అని పిలిచేవారు. కాంతి చొరని చోట ధ్వనిని ఆశ్రయించి, 1862లో మునిగిన మానిటర్ అనే యుద్ధనౌకను 1973లో కనుగొన్న బృందంలో ఆయన కూడ ఉన్నారు.

ఇన్ని పనులలోను ఆయన అధ్యాపకత్వాన్ని విడువలేదు. ఆయన ప్రయోగశాలలో విద్యార్థులకు అడ్డు లేదు. వచ్చినవారికి తన చిత్రాల పోస్టుకార్డులు పంచిపెట్టేవారు. 1990 జనవరి 4వ తేదీన, ఎనభై ఆరవ ఏట, తాను పనిచేసిన విద్యాసంస్థ ప్రాంగణంలోనే పరమపదించినారు.

ప్రియ విద్యార్థులారా! ఆయనకు దారి చూపినది ఎక్కడా లేని అపురూప వస్తువు కాదు; తిరిగే మోటారు, మిణుకుమనే దీపం. అందరూ చూచే దానిని ఆగి చూడడం మొదటి పాఠం. చూచే శక్తి చేతికి వచ్చిన తరువాత దానిని దేనికి వినియోగిస్తున్నామని తన్ను తాను ప్రశ్నించుకోవడం రెండవ పాఠం. మొదటిది ప్రయోగశాలలో నేర్వవచ్చు. రెండవది ఎవరికి వారు తమ అంతరాత్మ ఎదుట నేర్వవలసినదేనని మా విశ్వాసం.