యస్రిబ్‌కు వెళ్ళిన తొలి బోధకుడు

హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) మక్కాలో సంపన్న కుటుంబంలో పెరిగిన యువకుడు. ఇస్లాం స్వీకరించారని తెలిసి కన్నతల్లే ఆయన్ని బంధించింది. ఆయన ధర్మాన్ని వదల్లేదు, సంపదనే వదులుకున్నారు. అర్ఖమ్ (రజి) గృహంలో ధర్మజ్ఞానం పొందారు.

క్రీ.శ. 621లో, తొలి అఖబా ప్రమాణం తర్వాత, ఖుర్ఆన్ నేర్పడానికి దైవప్రవక్త (స) ఆయన్ని యస్రిబ్ (నేటి మదీనా) పంపారు. అక్కడ అస్అద్ బిన్ జురారా (రజి) ఇంట బస చేశారు. ఒకరోజు తెగ నాయకుడు ఉసైద్ బిన్ హుదైర్ ఈటెతో వచ్చి, వెళ్ళిపొమ్మని గద్దించారు. ముస్అబ్ (రజి) బెదరలేదు, కోపగించలేదు. కూర్చుని వినమని, నచ్చకపోతే ఆపేస్తానని సౌమ్యంగా చెప్పారు. ఖుర్ఆన్ విన్న ఉసైద్ (రజి) అక్కడే విశ్వసించారు. మరుసటి ఏడాది యస్రిబ్ నుండి డెబ్బై మందికి పైగా విశ్వాసులు అఖబాకు వచ్చారు.

625లో ముస్అబ్ (రజి) ఉహుద్‌లో అమరులైనప్పుడు కఫన్‌కు చాలినంత వస్త్రమైనా లేదు. ధర్మం బోధించే మనలో ఆ సహనం, ఆ త్యాగం ఎంత ఉన్నాయో పరిశీలించుకుందాం.