జపాన్ నుంచి మన జామియాకు: సర్ రాస్ మసూద్ జీవితం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు మన బ్యాచుల్లో చాలామంది ఉన్నారు. అందుకని మన వారాసిగూడకు కూతవేటు దూరంలోని ఉస్మానియా యూనివర్సిటీ కోసం పాటుపడిన ఒక మనిషి గురించి రాస్తున్నాను. మనలో చాలామందిమి ఆర్ట్స్ కాలేజీ ముందు క్రికెట్ ఆడాం. జామియా ఉస్మానియా స్టేషన్లో లోకల్ రైలు ఎక్కాం. జామియా అంటే విశ్వవిద్యాలయమని తెలియకుండానే ఆ పేరు పలుకుతూ పెరిగాం. ఆ జామియా తొలినాళ్లలో హైదరాబాద్ రాజ్యపు చదువుల బాధ్యత మోసినవారు సర్ సయ్యద్ రాస్ మసూద్. అలీగఢ్‌లోనూ ఉర్దూ లోకంలోనూ ఆయన పేరు అందరికీ తెలుసు. మన బస్తీలో మాత్రం ఆ పేరు చెబితే ఎవరని అడుగుతారు.

మసూద్ 1889లో పుట్టారు. అలీగఢ్ కాలేజీ స్థాపించిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఆయనకు తాతగారు. తండ్రి సయ్యద్ మహమూద్ అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి. తాతగారు 1864లోనే సైంటిఫిక్ సొసైటీ అని ఒక సంఘం పెట్టి ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి అనువదింపజేశారు. తర్వాత 1875లో ఆయనే మొదలుపెట్టిన అలీగఢ్ కాలేజీలో మాత్రం చదువు ఇంగ్లీషులో సాగింది. అంటే ఏ భాషలో చదవాలన్న ప్రశ్న మసూద్ పుట్టకముందే ఆ ఇంట్లో ఉంది.

మసూద్‌కు తొమ్మిదేళ్లప్పుడు తాతగారు పోయారు. మరో ఐదేళ్లకు తండ్రి కూడా పోయారు. అలీగఢ్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన థియోడర్ మారిసన్ ఆ కుర్రవాడి బాధ్యత తీసుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో చేరడానికి లాటిన్ రావాలి కాబట్టి 1906లో ఇంగ్లండులో ఒక యువకుడిని ట్యూషన్ మాస్టారుగా కుదిర్చారు. ఆయనే తర్వాత గొప్ప నవలాకారుడైన ఇ.ఎం. ఫోర్‌స్టర్. లాటిన్ ఎంత వచ్చిందో కానీ ఇద్దరి మధ్య జీవితకాలపు స్నేహం కుదిరింది. మసూద్‌ను చూడడానికే ఫోర్‌స్టర్ ఇండియా వచ్చారు. 1921లో హైదరాబాద్‌లోనూ ఆయన దగ్గర గడిపారు. 1924లో వచ్చిన 'ఎ పాసేజ్ టు ఇండియా' నవలను మసూద్‌కే అంకితమిచ్చారు.

ఆక్స్‌ఫర్డ్ చదువు, బారిస్టర్ పట్టా పూర్తయ్యాక మసూద్ పట్నాలో కొద్దికాలం వకీలుగా ఉండి, ఆ పని వదిలి విద్యాశాఖలో చేరారు. కటక్‌లోని రావెన్‌షా కాలేజీలో చరిత్ర చెప్పారు. 1916లో నిజాం ప్రభుత్వం ఆయనను విద్యాశాఖ డైరెక్టర్‌గా పిలిపించింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు. ఆ వయసులో మనలో చాలామందిమి మొదటి ఉద్యోగం నిలుపుకోవడానికి తంటాలు పడుతున్నాం. ఆయన చేతికి ఒక రాజ్యంలోని బడులన్నీ వచ్చాయి. పన్నెండేళ్లు, అంటే 1928 దాకా, ఆ పదవిలోనే ఉన్నారు. నిజాం ఆయనకు నవాబ్ మసూద్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు.

ఆ రోజుల్లో దేశంలోని యూనివర్సిటీలన్నీ ఇంగ్లీషులోనే పాఠాలు చెప్పేవి. హైదరాబాద్‌లో ఉర్దూలో చెప్పే యూనివర్సిటీ పెట్టాలని సర్ అక్బర్ హైదరీ 1917లో నిజాంకు వినతిపత్రం సమర్పించారు. నిజాం ఒప్పుకున్నారు. 1918లో ఉస్మానియా ఏర్పడింది. 1919లో గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో అద్దె భవనంలో క్లాసులు మొదలయ్యాయి. ఈ పనిలో హైదరీకి అండగా నిలిచినవారిలో మసూద్ ముఖ్యులు.

చెప్పడం తేలికే, చేయడం కష్టం. కాలేజీ స్థాయిలో రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం, అర్థశాస్త్రం ఉర్దూలో చెప్పాలంటే పుస్తకాలేవి? అందుకని దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం పెట్టారు. పుస్తకం అనువదించాలంటే ముందు మాటలు కావాలి. ఒక్కొక్క శాస్త్ర పదానికి ఉర్దూ మాట తయారు చేయడానికి పండితులు, ఆ శాస్త్రం తెలిసినవాళ్లు కలిసి కూర్చుని వాదించుకునేవారు. ఇంగ్లీషు మాటనే ఉంచాలా, అరబీ పారసీల నుంచి కొత్త మాట పుట్టించాలా అన్నది పెద్ద చర్చ. ఇది కుదిరే పని కాదని పెదవి విరిచినవాళ్లు దేశమంతటా ఉన్నారు. ఆ అనుమానాలకు జవాబు చెప్పాలంటే, ఇలాంటి పని చేసి గెలిచిన దేశం ఒకటి చూపించాలి. ఆసియాలో అలాంటి దేశం జపాన్.

1922లో మసూద్ నిజాం ప్రభుత్వం తరఫున జపాన్ వెళ్లారు. అక్కడి విద్యావిధానాన్ని దగ్గరగా చూసి, తిరిగొచ్చి రాసిన పుస్తకం 1923లో హైదరాబాద్‌లోనే అచ్చయింది. అక్కడ రాసుకున్న డైరీ ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1968లో కరాచీలో పుస్తకంగా వచ్చింది.

ఆయన చూసిన జపాన్ అలా తయారవడం వెనుక అమెరికా కథ ఒకటి ఉంది. 1853లో అమెరికా యుద్ధనౌకలు వచ్చి తలుపు తట్టేదాకా జపాన్ బయటి లోకానికి దాదాపు మూసుకునే ఉంది. బలవంతంగా మొదలైన ఆ పరిచయాన్ని జపాన్ వాళ్లు చదువుగా మార్చుకున్నారు. 1871లో తమ పెద్ద మంత్రులతో ఒక బృందాన్ని అమెరికా, ఐరోపాలకు పంపారు. ఆ ఓడలోనే అమెరికాలో చదువుకోవడానికి ఐదుగురు ఆడపిల్లలు వెళ్లారు. వారిలో చిన్నది త్సుదా ఉమేకో, అప్పటికి ఆరేళ్లు. పెద్దయ్యాక ఆమె స్వదేశంలో ఆడపిల్లలకు కాలేజీ పెట్టింది. అటు నుంచి డేవిడ్ మర్రీ అనే అమెరికా లెక్కల ప్రొఫెసర్ 1873లో జపాన్ విద్యాశాఖకు సలహాదారుగా వచ్చారు. సప్పోరోలో వ్యవసాయ కాలేజీ నిలబెట్టడానికి మాసచూసెట్స్ నుంచి విలియం క్లార్క్ వచ్చారు.

మన కథకు అసలైన ముక్క ఇంకొకటి ఉంది. వాషింగ్టన్‌లో జపాన్ దూతగా ఉన్న మోరి అరినోరి, తమ దేశం జపనీస్‌ను పక్కనపెట్టి ఇంగ్లీషునే తెచ్చుకుంటే ఎలా ఉంటుందని 1872లో యేల్ భాషాశాస్త్రవేత్త విలియం విట్నీని అడిగారు. విట్నీ సంస్కృతం ప్రొఫెసర్ కూడా. సామాన్య జనం దాకా చదువు వెళ్లాలంటే అది ముఖ్యంగా వాళ్ల సొంత భాషలోనే వెళ్లాలని ఆ అమెరికన్ హితవు చెప్పారు. ఆ ఆలోచన అక్కడితో ఆగింది. తొలినాళ్లలో టోక్యో యూనివర్సిటీలో విదేశీ ప్రొఫెసర్లు ఎక్కువగా ఇంగ్లీషులో పాఠాలు చెప్పారు. కానీ వాళ్లను కాంట్రాక్టు మీద తెచ్చుకున్నారు. విదేశాల్లో చదివొచ్చిన జపాన్ కుర్రవాళ్లు ఒక్కొక్కరే ఆ కుర్చీల్లో కూర్చున్నారు. కొత్త మాటలు పుట్టించుకున్నారు, పుస్తకాలు రాసుకున్నారు, జపనీస్‌లో పాఠం చెప్పారు. ఇంగ్లీషును వదిలేయలేదు, ఒక సబ్జెక్టుగా నేర్చుకున్నారు.

మసూద్ తెచ్చిన పాఠం ఇదే. ఎవరి దగ్గరైనా నేర్చుకో, నేర్చుకున్నది నీ ఇంటి భాషలో నీ పిల్లలకు చెప్పు. ఆ పుస్తకాన్ని ఆయన ఇంగ్లీషులోనే రాశారన్నది కూడా గమనించాలి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఆయనకు ఇంగ్లీషు మీద ద్వేషం లేదు. తర్వాతి కాలంలో ఉస్మానియాలో వైద్యం, ఇంజినీరింగ్ కూడా ఉర్దూలో చెప్పారు. ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది.

అయితే మిత్రులారా, తెలుగువాడిగా ఇక్కడ ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. హైదరాబాద్ రాజ్యంలో దాదాపు సగం మంది ఇంటి భాష తెలుగు. మరాఠీ, కన్నడం వాళ్లు ఇంకా ఉన్నారు. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరు. జపాన్‌లో బడి భాష, ఇంటి భాష ఒకటే. ఇక్కడ పాలమూరు, నల్లగొండ పిల్లవాడికి ఇంగ్లీషు ఎంత పరాయిదో ఉర్దూ కూడా దాదాపు అంతే. మసూద్ జపాన్ వెళ్లడానికి కొద్ది నెలల ముందే, 1921 నవంబరులో, ఇదే హైదరాబాద్‌లో వివేకవర్ధినిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. ఆ అవమానంతోనే ఆ రాత్రి ఆంధ్ర జనసంఘం పుట్టింది. రాయప్రోలు సుబ్బారావు వంటి కవి ఉస్మానియాలో తెలుగు శాఖను నడిపారు, నిజమే. కానీ అక్కడ తెలుగు ఒక సబ్జెక్టు మాత్రమే, తెలుగులో భౌతిక శాస్త్రం చెప్పిన క్లాసు లేదు. తెలుగు ఆడపిల్లల కోసం మాడపాటి హనుమంతరావు 1928లో బడి పెట్టేదాకా ఆ లోటు ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. మసూద్ తెచ్చిన సూత్రం సరైనదే. దాన్ని రాజ్యం సగమే అమలు చేసింది.

హైదరాబాద్ వదిలాక మసూద్ 1929లో తాతగారి అలీగఢ్‌కు వైస్ ఛాన్సలర్‌గా వెళ్లారు. గొడవలతో నలిగిపోయి ఉన్న ఆ యూనివర్సిటీని మళ్లీ గాడిన పెట్టారు. 1933లో సర్ బిరుదు వచ్చింది. అదే ఏడు అఫ్ఘనిస్తాన్ రాజు విద్యా విషయాల్లో సలహా కోరితే మహాకవి ఇక్బాల్‌తో కలిసి కాబూల్ వెళ్లారు. 1934లో అలీగఢ్ పదవికి రాజీనామా చేసి భోపాల్ సంస్థానంలో విద్యామంత్రి అయ్యారు. జబ్బుపడిన ఇక్బాల్‌ను భోపాల్ పిలిపించి తన ఇంట్లో ఉంచుకుని వైద్యం చేయించారు. నవాబు నుంచి ఆ కవికి పింఛను ఇప్పించారు. 1937 జూలై 30న భోపాల్‌లో కన్నుమూశారు. అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. అలీగఢ్‌లో తాతగారి సమాధి దగ్గరే ఆయననూ ఉంచారు. స్నేహితుడు ముందు పోయినందుకు ఇక్బాల్ స్మృతి గీతం రాశారు. మన ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది 1939లో. మసూద్ దాన్ని చూడలేదు.

1948 తర్వాత ఉస్మానియా ఇంగ్లీషుకు మారింది. దారుల్ తర్జుమా పండితులు చెమటోడ్చి తయారు చేసిన వందల పుస్తకాలు పాఠాలుగా పనికిరాకుండా పోయాయి. తెలుగులో కాలేజీ పుస్తకాల కోసం తెలుగు అకాడమీ వచ్చింది 1968లో. ఆ తరువాతి తరమే మనం.

మన బడిలో తెలుగు మీడియంలో చదివిన వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. జడత్వం, త్వరణం, కర్ణం, లంబం, కిరణజన్య సంయోగక్రియ. ఈ మాటలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో కూర్చుని, వాదించుకుని తయారు చేశారు. ఎనిమిదో నెంబరు బస్సు డ్రైవరు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలడమే జడత్వమని లెక్కల మాస్టారు చెప్పగానే క్లాసంతా నవ్వింది. ఆ నవ్వులోనే పాఠం ఎక్కింది. ఇంజినీరింగ్‌లో మొదటి ఏడాది ఇంగ్లీషు పుస్తకాలతో నాకు కష్టమైన మాట నిజం. కానీ నాకు రానిది ఇంగ్లీషే, లెక్క కాదు. ఆ తేడా తెలిసినవాడు భయపడడు.

ఉద్యోగంలో జపాన్ ఇంజినీర్లతో, అమెరికా కంపెనీల వాళ్లతో కలిసి పనిచేసే అవకాశం కలిగింది. మాతో జపాన్ వాళ్లు మాట్లాడే ఇంగ్లీషు అంతంతమాత్రమే. వాళ్ల సైట్ నోట్‌బుక్ తీస్తే లోడ్ లెక్కల నుంచి కాంక్రీటు రిపోర్టు దాకా అంతా జపనీస్‌లో ఉండేది. అందుకు వాళ్లకు చిన్నతనం లేదు. వాళ్లతో వ్యాపారం చేయడానికి అమెరికా వాళ్లకు అది అడ్డమూ కాలేదు. మసూద్ పుస్తకం సంగతి తెలిశాక నాకు ఆ నోట్‌బుక్ గుర్తొచ్చింది. ఆయన వందేళ్ల క్రితం చూసి వచ్చింది దాన్నే.

మన బడిలో తెలుగు మీడియం సెక్షన్లు ఇప్పుడు లేవు. దానికి ఎవరినీ తప్పుపట్టలేం, మనలో ఎవరమూ మన పిల్లలను అందులో చేర్చలేదు. ఇంగ్లీషు కావాలి, సందేహం లేదు. కానీ ఇంట్లో తెలుగు, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఇవాళ మన బడిలో ఇంగ్లీషు జవాబులు అర్థం కాకుండా బట్టీ పడుతున్నారని అక్కడి టీచర్లే చెబుతున్నారు. స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలని సంఘం సలహాలు అడిగింది. కొత్త గేటు, ఫలకం వద్దనను. దానితో పాటు బడి లైబ్రరీలో తెలుగులోనూ ఉర్దూలోనూ సైన్సు, లెక్కల పుస్తకాలకు ఒక బీరువా పెట్టిద్దాం. నెలకొక శనివారం మనలో ఇంజినీర్లు, డాక్టర్లు, నర్సులు, మెకానిక్‌లు వెళ్లి ఒక్క పాఠాన్ని పిల్లల ఇంటి భాషలో చెబుదాం. మొదటి శనివారం నేను వస్తాను. పాఠం జడత్వం.