యల్లాప్రగడ సుబ్బారావుగారు

దేహము నీరసించినపుడు మనస్సును క్రుంగుట మనమెఱిగినదే. దేహమునకు శక్తి లభించు మార్గమును లోకమునకు తెలిపిన శాస్త్రజ్ఞులలో మన తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు.

వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో, పేదకుటుంబమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఖద్దరు ధరించి ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి. ఆ కారణమున వారికి ఎం.బి.బి.ఎస్. లభింపక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కెను.

వారి సోదరులిరువురు గ్రహణివ్యాధిచే కొలదిదినముల వ్యవధిలో మరణించిరి. ఆ వ్యాధి సోకినవారికి తిన్న అన్నము ఒంటబట్టదు, రక్తము క్షీణించును. ఈ దుఃఖమును దిగమ్రింగి సుబ్బారావుగారు అమెరికాకు వెడలిరి. రాత్రులు ఆసుపత్రిలో చిన్నకొలువు చేయుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున విద్య నభ్యసించిరి. అచట సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలసి, రక్తమునందలి భాస్వరమును కొలుచు విధానమును 1925లో ప్రకటించిరి. 1929లో కండరములందు ఏటిపి అను పదార్థమును కనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని వేఱుగా కనుగొనెను.

ఏటిపి చేయు పని యేమి? కాణిపాకము ప్రాంతమున చెఱకురసముతో వండిన బెల్లపుముక్కను ఒక బాలుడు తినెననుకొందము. అందలి చక్కెర జీర్ణమై రక్తమున చేరును. జీవకణములు దానిని మెల్లగా దహించి, వెలువడిన శక్తిని ఏటిపి రూపమున నిలిపి, వెంటనే పనులకు వినియోగించును. ఇట్టి మార్పులకే జీవక్రియ యని పేరు. దేహపు బరువులో నూటికి రెండు వంతులు మాత్రమేయున్న మెదడు, దేహము విశ్రాంతిలో వాడు శక్తిలో సుమారు ఐదవవంతును తానే గ్రహించును.

సుబ్బారావుగారు 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిరి. వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది గ్రహణిరోగులకు ఔషధమయ్యెను. ఆకుకూరలలోను పప్పులలోను లభించు ఈ విటమిను కొఱవడినచో రక్తహీనత కలుగును. కొందఱిలో మఱపు, చిరాకు, దిగులు కూడ పొడసూపును.

మనోవ్యాధులన్నిటికి ఆహారలోపమే కారణము కాదు. దుఃఖము, భయము, వంశక్రమము మున్నగునవియు కారణములు కావచ్చును. అయినను, జ్వరము వచ్చినవానిని మనము నిందింపము గదా! మనస్సు క్రుంగినవానిని వెక్కిరించుటయు అట్లే తగదు. వానిని ఆదరించి వైద్యుని కడకు తోడ్కొనిపోవలెను.

1948 ఆగస్టులో, తమ యేబదిమూడేండ్ల వయస్సున, సుబ్బారావుగారు అమెరికాలోనే పరమపదించిరి. తమ సోదరులకు అందని ఔషధమును వారు లోకమునకు అందించి వెళ్ళిరి.