జె.బి.ఎస్. హాల్డేన్

కాకి, డేగ, సేతువ అంటూ మనవారు ఈకల వన్నెను బట్టి కోళ్లకు పేర్లు పెట్టారు. ఒకే పెట్ట పెట్టిన గుడ్ల నుండి పలు రంగుల పిల్లలు వెలువడడం పల్లెలలోనే కాదు, సుబేదారి వంటి పట్టణ ప్రాంతపు పెరళ్లలోనూ కనిపించే వింతయే. ఈ వైవిధ్యం వెనుక గణితానికి లొంగే నియమం ఉన్నదని చూపిన శాస్త్రజ్ఞులలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. ఆంగ్లదేశంలో పుట్టి, భారత పౌరుడై, తుదకు తన దేహాన్ని తెలుగునేలకు అర్పించిన విజ్ఞానమూర్తి ఆయన.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త. చెల్లెలు నవోమీ పెంచిన గినీ పందులు ఆయనకు అనువంశికతలో తొలి పాఠాలు నేర్పాయి. అనంతరం నవోమీతోను, మిత్రుడు స్ప్రంట్‌తోను కలిసి ఎలుకలపై ప్రయోగాలు చేశారు. ఇంతలో ప్రపంచ యుద్ధం వచ్చింది. హాల్డేన్ సైన్యంలో చేరారు. క్షీరదాలలో సహలగ్నతను తెలిపిన వారి వ్యాసం 1915లో వెలువడింది. ఆ సంవత్సరమే స్ప్రంట్ యుద్ధంలో నేలకొరిగాడు.

యుద్ధానంతరం హాల్డేన్ దృష్టి కోళ్లపై ప్రసరించింది. 1921లో కోళ్లలోని సహలగ్నతను గురించి వ్యాసం ప్రకటించారు. పక్షులలో లింగనిర్ణయ విధానం మానవులకు విపర్యయంగా ఉంటుంది. పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు ఉండగా, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. నల్లని ఈకలపై తెల్లని చారలను కలిగించే బహిర్గత జన్యువు జెడ్ క్రోమోజోముపై ఉంటుంది. చారల పెట్టను చారలు లేని నల్లపుంజుతో సంకరపరచినచో, పుంజుపిల్లలకు తల్లి నుండి చారల జన్యువు సంక్రమిస్తుంది. పెట్టపిల్లలకు తండ్రి జెడ్ మాత్రమే లభించుటచే అవి నల్లగానే పెరుగుతాయి. పొదిగిన నాడే పుంజుపిల్లల తలపై తెల్లని మచ్చ కనబడుతుంది. ఈ గుర్తును బట్టి పెంపకందారులు పుంజును, పెట్టను వేరుచేయగలుగుతారు. శాస్త్రజ్ఞానం రైతుకు ఉపకరించుట అంటే ఇదే.

1922లో ఆయన సంకర సంతానంలోని వంధ్యత్వానికి సంబంధించిన సూత్రాన్ని ప్రతిపాదించారు. అది నేటికీ హాల్డేన్ నియమంగా ప్రసిద్ధం. ప్రకృతివరణానికి గణితరూపం ఇచ్చిన త్రిమూర్తులలో ఆయన ఒకరు.

సూయజ్ కాలువ విషయంలో బ్రిటన్ జరిపిన సైనికచర్యను నిరసిస్తూ హాల్డేన్ 1957లో సతీమణి హెలెన్ స్పర్వేతో భారతదేశానికి తరలివచ్చారు. కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో పనిచేశారు. భారతీయ వస్త్రధారణను స్వీకరించారు. భారత పౌరసత్వం పొందారు. తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు శిష్యుడై, పిమ్మట గురువు జీవితచరిత్రను రచించారు. 1962లో హాల్డేన్ భువనేశ్వర్ చేరి, అక్కడి జన్యుశాస్త్ర ప్రయోగశాలకు సారథ్యం వహించారు.

అంతలోనే క్యాన్సర్ వ్యాధి ఆయనను కబళించింది. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. జీవితకాలంలో తన శరీరంపైనే ఎన్నో ప్రమాదకర ప్రయోగాలు చేసుకున్న ఆయన, మరణానంతరం కూడ దానిని విద్యకే వినియోగించాలని సంకల్పించారు. ఆయన కోరిక మేరకు పార్థివదేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేర్చారు. దేహదానం అరుదైన ఆ రోజులలో అది గొప్ప సాహసం. తల్లిదండ్రుల నుండి సంతానానికి సంక్రమించేవాటిని జీవితమంతా అన్వేషించిన ఆ మహనీయుడు, సంతానం లేకున్నను, తన దేహాన్నే భావితరాలకు పాఠ్యగ్రంథంగా మిగిల్చి వెళ్లారు.