కోచ్‌కీ ఆటగాళ్ల జీతమే

ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ వేరే ఆట. కోడిగుడ్డు ఆకారం బంతి, జట్టుకు 18 మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, పిడికిలితో కొట్టొచ్చు, కాలితో తన్నొచ్చు. ఆ ఆటలో చెప్పుకోవాల్సిన పేరు జాక్ మెక్‌హేల్.

1882లో సిడ్నీ దగ్గర బోటనీలో పుట్టారు. మెల్‌బోర్న్‌లో అప్పట్లో ఫ్యాక్టరీ కార్మికులు ఉండే పేట కాలింగ్‌వుడ్. 1903లో ఆ జట్టులో చేరి 261 మ్యాచ్‌లు ఆడారు. అందులో 191 వరసగా, ఒక్కటీ మానకుండా! 1912లో ఆడుతూనే కోచ్ అయ్యారు. ఇక 1949 దాకా ఆయనే. 714 మ్యాచ్‌లు, 8 కప్పులు. ఆ 714ను మిక్ మాల్ట్‌హౌస్ దాటింది 2015లో.

ఇన్ని గెలిచినా బతుకుదెరువు బీరు ఫ్యాక్టరీ ఉద్యోగమే. క్లబ్బులో ఆటగాళ్లకిచ్చే డబ్బు కంటే ఎక్కువ తీసుకోవడానికి ఒప్పుకోలేదు. సూపర్‌వైజర్‌కీ, కూలీకీ ఒకే జీతమంటే మన సైట్లలో ఎవరు నమ్ముతారు? సూపర్‌వైజర్‌ని కదా, చదివినప్పుడు నాకే మింగుడు పడలేదు. మరి ఆయన మాటంటే కుర్రాళ్లు ప్రాణం పెట్టారంటే పెట్టరా?

1927 నుంచి వరసగా నాలుగు కప్పులు గెలిచారు. నాలుగోది, 1930 ఫైనల్ రోజున ఆయన జబ్బు చేసి ఇంట్లో మంచం మీదున్నారు. సగం ఆటకు జట్టు వెనకబడింది. అయినా కుర్రాళ్లే గెలిచి చూపించారు.

పదవి దిగినా క్లబ్బు వదల్లేదు. 1953 సెప్టెంబర్ 26న, 17 ఏళ్ల తర్వాత, కాలింగ్‌వుడ్ మళ్లీ కప్పు కొట్టింది. అది చూశాక గుండెపోటు వచ్చి అక్టోబర్ 4న కన్నుమూశారు.